‘హార్మోన్లు’ అనే తిట్టు

ఈమధ్య మన ఇళ్ళల్లో కొత్త తిట్టు ఒకటి స్థిరపడింది: “హార్మోన్లు.” భార్య గట్టిగా మాట్లాడితే హార్మోన్లు. ఆఫీసులో నలభై దాటిన మేడమ్ ఫైలు వెనక్కి పంపితే హార్మోన్లు. కోడలు ఏడిస్తే హార్మోన్లు, అత్తగారు అలిగితే హార్మోన్లు. మా అమ్మ కాలంలో దీన్నే “దానికి పైత్యం” అనేవాళ్ళు. మాట ఇంగ్లీషులోకి మారిందంతే. ఆమె ఏం చెబుతోందో వినే అవసరం లేకుండా చేయడానికి రెండూ ఒకేలా పనికొస్తాయి.

నిజానికి నాకు ఆ మాటతో పేచీ లేదు. హార్మోన్లు ఉన్నాయి, అవి మనసు మీద పనిచేస్తాయి. ఆ మాట అన్నవాళ్ళు తర్వాతి ప్రశ్న అడగరే, అక్కడే నా పేచీ. ఎవరికైనా షుగరంటే “ఎంతుంది?” అంటాం. బీపీ అంటే “పైది ఎంత, కిందది ఎంత?” అంటాం. హార్మోన్లు అన్నాక మాత్రం అందరూ నవ్వి టీవీ వైపు తిరుగుతారు. ఏ హార్మోను? ఎన్నాళ్ళుగా? నెలసరి ఎన్ని రోజులుంటోంది? రాత్రి పడుకున్నాక ఎన్నిసార్లు లేవాల్సి వస్తోంది? ఒంట్లో రక్తమెంత? ఈ ప్రశ్నలేవీ అడగకుండా రోగం పేరు మాత్రం చెప్పేస్తే అది తిట్టే అవుతుంది, రోగనిర్ధారణ కాదు.

విడవకుండా, విపరీతంగా అయ్యే రక్తస్రావానికి మన పల్లెల్లో ఒక పేరుంది: ఎర్రబట్ట. తెల్లబట్ట గురించి ఆడవాళ్ళు గుసగుసగానైనా చెప్పుకుంటారు. ఎర్రబట్ట గురించి అదీ లేదు. ఎందుకంటే అది “మామూలుగా వచ్చేదే, కాస్త ఎక్కువైంది”. ఎంత ఎక్కువ? పాత వైద్య లెక్క ప్రకారం ఒక నెలసరికి 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ. మన హోటళ్ళలో ఇచ్చే చిన్న టీ గ్లాసుడు అనుకోండి. ఎనిమిది రోజులు దాటితే దీర్ఘం. ఇప్పుడు బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు ఆ గ్లాసును కూడా పక్కన పెట్టేశాయి. స్త్రీ శరీరానికి, మనసుకి, నలుగురిలో తిరిగే బతుక్కి అడ్డం పడేంత రక్తస్రావమైతే చాలు, అది వైద్యం చేయాల్సిన సంగతే అంటాయి. అంటే ఎక్కువో కాదో చెప్పాల్సింది ఆమె. మనం ఇంతకాలం ఆమెను తప్ప అందరినీ అడిగాం.

ఒక విచిత్రం చూడండి. మన ఆచారానికి రోజులు లెక్కపెట్టడం బాగా వచ్చు. మూడు రోజులు దూరం, నాలుగో రోజు తలస్నానం, ఐదో రోజు పూజగది. ఈ లెక్కలో ఎక్కడా రక్తం లేదు, మైల ఉంది. ఐదో రోజు కూడా ఆగకపోతే? పదిహేనో రోజు కూడా? మా వైపు మడి ఇళ్ళల్లో దీనికి చక్కటి సర్దుబాటు చేసుకున్నారు. నాలుగో నాడు తలంటి పోసుకుంటే చాలు, రక్తం కారుతున్నా వంటింట్లోకి రావచ్చు. రాకపోతే వంట ఎవరు చేస్తారు? ఇప్పుడు కొందరు వాట్సాప్ పండితులు బయలుదేరి “ఆడవాళ్ళకి విశ్రాంతి కోసమే పూర్వీకులు ఆ మూడు రోజులు పెట్టారు, అంతా సైన్సు” అంటున్నారు. సైన్సే అయితే, అసలు విశ్రాంతి కావాల్సిన ఇరవయ్యో రోజున ఆమె చేతికి రుబ్బురోలు ఎందుకిచ్చారో వాళ్ళే చెప్పాలి.

పెద్దమనిషైన రోజున ఫంక్షన్ హాలు మాట్లాడి, ఆ పిల్ల ఫొటోతో నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టే ఊళ్ళు మనవి. రెండో నెలలో ఆ పిల్లకి పదిహేను రోజులు ఆగకుండా అయితే ఎవరికీ చెప్పకూడదు, పెళ్ళి సంబంధాలు పోతాయి. 1926లో ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టరు ఒక కుటుంబం గురించి రాశాడు. ఆ ఇంట్లో పిల్లలకి రక్తం గడ్డకట్టడంలో లోపం. వాళ్ళలో ఒక అమ్మాయి నాలుగో నెలసరిలోనే రక్తం పోయి చనిపోయింది. ఆ జబ్బుకి ఇప్పటికీ ఆయన పేరే. మొదటి నెలల నుంచే విపరీతంగా అయ్యే పిల్లల్లో ఈ లోపం ఉందేమో చూడాలని డాక్టర్ల పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన దగ్గర “కొత్త కదా, సర్దుకుంటుంది” అంటారు. చాలామందికి సర్దుకుంటుంది కూడా. సర్దుకోని పిల్ల సంగతే ఎవరికీ పట్టదు.

పోనీ మన సాహిత్యం ఏమైనా చేసిందా? ఇక్కడ మనవాళ్ళతోనే నాకు తగువుంది. గత నాలుగు దశాబ్దాల స్త్రీవాద కథల్లో, కవితల్లో ముట్టు గురించి బోలెడు వచ్చింది. రావలసిందే. కానీ నేను చదివినంతలో, దాదాపు అన్నిటిలోనూ ముట్టు అంటే అంటరానితనమే. వాకిట్లో చాప, విడిగా పళ్ళెం, గుడి మెట్ల దగ్గర ఆగిపోయిన పాదాలు. ఆ రచనల్లో అవమానం ఉంది, ఆగ్రహం ఉంది. రక్తం మాత్రం లేదు. పన్నెండో రోజుకి చేరిన పాత్ర నాకు కనపడలేదు. బస్సు సీటు మీంచి లేవడానికి భయపడే టీచరు, తెల్లవారుజామున దుప్పటి ఉతుక్కునే నలభై ఐదేళ్ళ మనిషి మన కథల్లో ఎక్కడో తప్ప లేరు. మనసు సంగతి ఇంకా నయం: దాని జోలికే పోలేదు. కారణం తెలుసు. “ఆడవాళ్ళు ఆ రోజుల్లో పిచ్చెక్కినట్టుంటారు” అనే మగ వెటకారానికి జవాబుగా మనం “అదేం లేదు, మేం ఎప్పుడూ ఒకేలా ఉంటాం” అన్నాం. వాదన గెలవడానికి అది పనికొచ్చింది. కానీ నిజంగా కుంగిపోతున్న మనిషి నోరు కూడా దాంతోనే మూతపడింది. స్త్రీ శక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఒంటి గురించి అంత సూటిగా తెలుగులో మాట్లాడిన ఆ పుస్తకం దారిలో మన కథలు ఎంత దూరం నడిచాయో లెక్కవేస్తే సిగ్గుగానే ఉంటుంది.

సరే, లెక్కలు నేనే వేస్తాను. ఒక మిల్లీలీటరు రక్తంలో ఇనుము సుమారు అర మిల్లీగ్రాము. నెలకి 200 మిల్లీలీటర్లు పోయే మనిషికి దాదాపు 100 మిల్లీగ్రాముల ఇనుము పోతున్నట్టు. మన తిండిలోంచి ఒళ్ళు పట్టుకోగలిగేది రోజుకి ఒకటి, మహా అయితే రెండు మిల్లీగ్రాములు. నెలకి ముప్ఫై నుంచి అరవై. మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? ఒంట్లో దాచుకున్న నిల్వలోంచి. ఆ నిల్వ అడుగంటేదాకా హిమోగ్లోబిన్ పెద్దగా పడదు. ఫెరిటిన్ అనే పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఈలోగా మనిషికి మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడడం, చదివింది బుర్రకెక్కకపోవడం. ఆపైన చీటికీ మాటికీ విసుగు. ఎందుకంటే ఇనుము రక్తానికే కాదు, మెదడుకీ కావాలి. మన ఉత్సాహానికీ నిబ్బరానికీ పనికొచ్చే డోపమిన్, సెరటోనిన్ తయారుచేసే ఎంజైములకి ఇనుము లేకపోతే పని సాగదు. ఏడాదిగా ఒంట్లో ఇనుము కరిగిపోతున్న మనిషిని “ఎందుకంత చిరాకు?” అని అడగడం, నూనె అయిపోయిన దీపాన్ని ఎందుకు మిణుకుమంటున్నావని అడగడం లాంటిది.

ఇక హార్మోన్ల సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే తిట్టేవాళ్ళు చదవనిది ఇదే. అండం విడుదలైన నెలలో ప్రొజెస్టరాన్ పుడుతుంది. అది గర్భాశయపు లోపలి పొరని స్థిరంగా పట్టి ఉంచి, తను తగ్గిపోగానే ఒక పద్ధతిగా రాలిపోనిస్తుంది. నాలుగైదు రోజుల్లో పని అయిపోతుంది. అండం విడుదల కాని నెలలో ఆ ప్రొజెస్టరాన్ రాదు. ఈస్ట్రోజన్ ఒక్కటే పొర మీద పొర పెంచుకుంటూ పోతుంది. సున్నం మీద సున్నం కొట్టిన పాత గోడ చూశారు కదా, ఎప్పుడో ఒకరోజు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. పది రోజులు, ఇరవై రోజులు, ఒక్కోసారి నెలంతా. రజస్వలైన కొత్తలోనూ, ముట్లుడిగే ముందు నాలుగైదేళ్ళూ ఇలా జరగడం ఎక్కువ. థైరాయిడ్ మందగించినా ఇలా జరగొచ్చు. ఆ థైరాయిడ్ మందగిస్తే మనిషి దిగులుగా, మందకొడిగా కూడా అవుతుంది. రక్తస్రావానికీ దిగులుకీ కారణం ఒక్కటే అయి, పరగడుపున వేసుకునే ఒక చిన్న మాత్రతో రెండూ దారిలో పడే అవకాశం ఉందన్నమాట. ఆ పరీక్షకయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు.

మనసు విషయంలో హార్మోన్ల ఆట ఇంకా చిత్రం. ప్రొజెస్టరాన్ విరిగి తయారయ్యే ఒక పదార్థం మెదడులో నిద్రమాత్రలు పనిచేసే చోటే పనిచేస్తుంది. చాలామందికి అది నెమ్మదినిస్తుంది. అది రాని నెలల్లో నిద్ర పలచబడొచ్చు. కొందరికి మాత్రం అదే పదార్థం విపరీతమైన చిరాకునీ దిగులునీ తెస్తుంది. నెలసరికి ముందు వారం బతుకు మీద ఆశ పోయేంతగా కుంగిపోయే ఈ స్థితిని 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగాల పట్టికలో విడిగా చేర్చింది. వీళ్ళ రక్తం పరీక్షిస్తే హార్మోన్లు అందరికీ ఉన్నంతే ఉంటాయి, వాటి హెచ్చుతగ్గులకి వీళ్ళ మెదడు స్పందించే తీరే వేరు. కనక “హార్మోన్లు ఎక్కువైపోయాయి” అనే వెక్కిరింత మర్యాద తప్పిందే కాక, వైద్యంగా కూడా తప్పు.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది నా ఒక్కదాని కథ కాదు. నలభై నాలుగో ఏట ఒక వేసవంతా నాకు ఆగలేదు. ఒకసారి ఇరవై రెండు రోజులు. క్లాసులో నిలబడి పాఠం చెబుతుంటే బోర్డు మీద అక్షరాలు కదిలేవి. ఇంట్లో కుక్కర్ మూత దొరక్కపోతే ఏడ్చాను. కాలేజీలో ఒక సహోద్యోగి “మేడమ్‌కి ఈమధ్య మూడ్ స్వింగ్స్” అని స్టాఫ్ రూములో నవ్వాడని తెలిసింది. హిమోగ్లోబిన్ 7.6 ఉన్నప్పుడు మనిషికి మూడే ఉండదు, స్వింగ్ ఎక్కడిది? మొదట వెళ్ళిన ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టరమ్మ నా మొహం చూడకుండానే స్కానింగ్ చూసి, “పిల్లలు పెద్దవాళ్ళేగా? సంచి తీసేద్దాం. అండాశయాలు కూడా తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు, ఈ చిరాకులూ పోతాయి” అంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రెండో చోట ఒక పెద్దావిడ ముందు ఇనుము ఎక్కించింది, లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపింది, హార్మోను మాత్రలు మూడు నెలలు ఇచ్చింది. నిద్ర ఎలా ఉందని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. నా సంచి నా దగ్గరే ఉంది.

మా పిన్నికి ఆ అదృష్టం లేదు. పల్నాడులో మిరపకాయ కోతలకి వెళ్ళే మనిషి. ముప్ఫై మూడేళ్ళకి తీసేశారు. మొన్న అడిగాను.

“అప్పుడు టెస్టులేం చేశారు పిన్నీ?”

“స్కానింగ్ తీశారమ్మా.”

“ఇంకా?”

“ఇంకేం చేస్తారే? డబ్బులెంత తెచ్చుకున్నారన్నారు. సంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సరవుద్దన్నారు. మీ బాబాయి కూడా, తీయిస్తే దీని అరుపులన్నా తగ్గుతాయన్నాడు.”

“తగ్గాయా?”

“అరవడానికి ఓపికేదే? ఒళ్ళంతా ఆవిర్లు. తెల్లార్లూ నిద్రుండదు.”

పిన్నిది వింత కథేం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవాళ్ళు నూటికి ముగ్గురి పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. ఈ రెండింటి కన్నా పైన ఏ పెద్ద రాష్ట్రమూ లేదు. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్పత్రుల్లో అయినవే. సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం. ఆపరేషన్ అయ్యేనాటికి వయసు 34 ఏళ్ళ చుట్టుపక్కల. మన దేశంలో ముట్లు సహజంగా ఉడిగేది సగటున 46–47కి. ఆంధ్రాలో పెళ్ళైన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, చాలామందికి ఇరవై ఐదు నిండకముందే. ఆ తర్వాత గర్భాశయం ఖాళీ సంచి. మన భాషే దానికి తోడ్పడింది: సంచి అన్నాం, సరుకు దింపేశాక సంచి పారేయడానికి ఎవరికి బాధ? 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర గర్భాశయ ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అది బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన వ్యవహారాల మీద వేసిన వ్యాజ్యం. పట్టికలో అగ్రస్థానం మాత్రం మనది.

“తీసేస్తే చిరాకు పోతుంది” అన్న మాట సంగతి తేల్చుకుందాం. అండాశయాలు ఉంచి గర్భాశయం ఒక్కటే తీస్తే, నెలనెలా హార్మోన్ల హెచ్చుతగ్గులు అలాగే సాగుతాయి. రక్తం కనిపించదు, అంతే. నెలసరి ముందు కుంగుబాటు ఉన్న మనిషికి అది ఉండనే ఉంటుంది, పైగా అదెప్పుడొస్తుందో చెప్పే గుర్తు కూడా పోతుంది. అండాశయాలు కూడా తీస్తే పదేళ్ళలో నెమ్మదిగా దిగాల్సిన మెట్లు ఒక్క రాత్రిలో దొర్లి పడ్డట్టు. ఆవిర్లు, నిద్రలేమి, దిగులు, ఎముకల పెళుసుదనం, గుండెకి ముప్పు. నలభై ఐదు లోపు అలా తీయాల్సి వస్తే, వేరే అడ్డంకి లేనంతవరకు, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలన్నది వైద్యుల మాటే. మా పిన్నికి ఎవరూ ఇవ్వలేదు, అలాంటిదొకటుందని చెప్పలేదు కూడా. ఎలా చూసినా ఆ మాట అబద్ధమే.

ఆపరేషన్ అక్కర్లేదని నేననడం లేదు. క్యాన్సర్ ఉంటే తీయాలి. పెద్ద గడ్డలుండి మిగతావేవీ పనిచేయకపోతే తీయాలి. అన్నీ తెలిసి, అన్నీ చూసి, “నాకు చాలు, తీసేయండి” అని ఆమే అంటే అదీ న్యాయమే. కానీ ముందు చూడాల్సినవి ఎన్ని ఉన్నాయో! రక్తస్రావాన్ని సగం దాకా తగ్గించగల ట్రానెక్సమిక్ ఆసిడ్‌ను ఉటాకో ఒకామోటో అనే జపాన్ శాస్త్రవేత్త తన భర్తతో కలిసి 1962లోనే లోకానికి చెప్పింది. బాలింతలు రక్తం పోయి చనిపోకుండా చూడాలన్నది ఆమె పట్టుదల. గర్భాశయంలో అమర్చే హార్మోను కాయిల్ రక్తస్రావాన్ని తొంభై శాతం దాకా తగ్గించగలదు. కొందరికి దానివల్ల దిగులు పెరగొచ్చు, అది ముందే చెప్పాలి. మన లక్నోలో, సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన సహేలీ మాత్ర, ప్రభుత్వం ‘ఛాయ’ పేరుతో ఉచితంగా పంచే అదే మందు, ఈ రక్తస్రావానికీ వాడతారు. ఇన్ని ఉండగా కత్తి ఎందుకు ముందుకొస్తోంది? మాత్రలిస్తే ఆమె మళ్ళీ రావాలి, మళ్ళీ మాట్లాడాలి. కూలీ మనిషికి మళ్ళీ రావడమంటే ఒక రోజు కూలి. ఆస్పత్రికి మాత్రల్లో మిగిలేదేం లేదు. ఈ రెండు లెక్కలూ ఒక్కచోట కలిసినప్పుడు ఆపరేషన్ టేబుల్ సిద్ధంగా ఉంటుంది.

హార్మోను మాత్రలంటే మనవాళ్ళకి భయమని కొందరు డాక్టర్లు వాదిస్తారు. భయమా? శ్రావణ శుక్రవారానికి, తిరుపతి ప్రయాణానికి, ఆడపడుచు పెళ్ళికి “డేట్” వాయిదా పడాలంటే మందుల షాపులో చీటీ కూడా లేకుండా కొనుక్కొచ్చేది అవే నోరెథిస్టిరాన్ మాత్రలు కదా! అత్తగారే తెప్పించి మరీ ఇస్తుంది. దేవుడి కోసం ఒక వారం వేసుకున్నప్పుడు లేని భయం, తన ప్రాణం కోసం మూడు నెలలు వేసుకుంటానంటే వచ్చేస్తుంది.

మనసు డాక్టర్ల మీద కూడా ఒక మాట. దిగులని వెళ్ళిన స్త్రీని నెలసరి గురించి అడిగే సైకియాట్రిస్టులు తక్కువ. దిగులుకిచ్చే కొన్ని మందులు రక్తస్రావాన్ని కాస్త పెంచగలవని వాళ్ళకి తెలుసు. ఇటు గైనకాలజిస్టు నిద్ర గురించి అడగదు. ఆమె ఈ రెండు గదుల మధ్య వరండాలో, చేతిలో రెండు ఫైళ్ళతో కూర్చుని ఉంటుంది.

ఇక ప్రభుత్వం. 2018 నుంచి ‘అనీమియా ముక్త్ భారత్’ నడుస్తోంది. ఇనుము మాత్రలు పంచుతారు, స్కూళ్ళలో నీలం మాత్రలు, గర్భిణులకి ఎర్ర మాత్రలు. మంచిదే. 2019–21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం రక్తహీనులు. తిండి చాలకపోవడం దీనికి పెద్ద కారణం, కాదనను. కానీ ఇంతమందిలో ఎంతమందికి ఆ రక్తం నెలనెలా విపరీతంగా పోవడం వల్ల తగ్గుతోందో అడిగే నాథుడు లేడు. బిందెలో నీళ్ళు పోస్తూనే ఉన్నారు, అడుగున చిల్లుందేమో చూడరు. గుమ్మం ముందుకొచ్చిన ఆశా కార్యకర్త రెండు ప్రశ్నలు అడిగితే సగం తెలిసిపోతుంది: ఎన్ని రోజులవుతోంది? రాత్రి బట్ట మార్చుకోవడానికి ఎన్నిసార్లు లేస్తున్నావు?

మా వీధికొచ్చే అమ్మాయిని అడిగాను, ఇవి ఎందుకు రాసుకోవని. సంచిలోంచి రిజిస్టరు తీసి, పేజీ అడ్డంగా తిప్పి నాకు చూపించింది. పేరు, వయసు, ఆధార్, పిల్లలెంతమంది, ఆపరేషన్ అయిందా, మాత్రలిచ్చిన తేదీ.

“ఆ గడి లేదు మేడమ్. ఉంటే రాసేదాన్నే” అంది.